ఎవరు పోయారో ఎవరూ అడగలేదు

ఆ మంగళవారం పొద్దున కోల్మన్ ఆహర్న్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లలను బడి దగ్గర దింపడం, స్కూలు బస్సును రేవు పక్కన నిలపడం, మెయిన్ స్ట్రీట్‌లో గడియారం బురుజుకు ఎదురుగా నిలబడి ఒకే ఒక్క ఫోటో తీయడం, మధ్యాహ్నం సూపు చల్లారకముందే ఇంటికి వచ్చేయడం. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అసలు కోల్మన్ తన యాభై ఎనిమిదేళ్ల బతుకులో ఎవరికీ ఇబ్బంది కలిగించిన మనిషి కాడు. బస్సు హారన్ కూడా మొగమాటపడుతూ కొడతాడు.

సముద్రపొడ్డున ఉన్న యోల్ ఊళ్లో ఆ గడియారం బురుజు వీధికి అడ్డంగా, కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడి ఉంటుంది. బండ్లయినా మనుషులైనా దాని కమాను కిందనుంచే పోవాలి. ఫిబ్రవరి మొదట్లో, మధ్యాహ్నానికి కాస్త ముందు, సూర్యుడు సరిగ్గా ఆ కమానులోకి దిగి, తడి రోడ్డు మీద పొడుగాటి వెలుగుపట్టీ పరుస్తాడు. ఒక కప్పు టీ తాగేంతసేపు ఉంటుందది. అదైనా సూర్యుడంటూ ఉంటే. ఆ ఏడాది ఫిబ్రవరి వచ్చినప్పటినుంచీ యోల్ మీద వానే తప్ప సూర్యుడు లేడు.

ఆ పొద్దున రేడియోలో వాతావరణం చెప్పే అమ్మాయి "మధ్యాహ్నంలోపు కాస్త ఎండ రావచ్చు" అంది. ఆ ముక్క వినగానే కోల్మన్ గబుక్కున లేచి రేడియో కట్టేశాడు. ఆ ఊళ్లో అలా కట్టేయడం మామూలు విషయం కాదు. వాతావరణం అయ్యాక చుట్టుపక్కల ఎవరెవరు పోయారో, చర్చిలో పూజ ఎన్నింటికో, పూడ్చేది ఎక్కడో చదువుతారు. టీలో పాలు పోసుకోవడం ఎంత అలవాటో, ఆ చావుకబుర్లు వినడం అక్కడివాళ్లకు అంత అలవాటు.

"స్నానాల తొట్టిలో మళ్లీ నీ ట్రేలు పెట్టావు," అంది భార్య బ్రీడా, మెట్లు దిగి వస్తూ.

"సాయంత్రం ఫోటో కడగాలి కదా. ఆరింటికల్లా క్లబ్బులో ఇచ్చేయాలి."

"ఇవాళే ఆఖరు కదూ?"

"ఇవాళే."

"ఈసారి కూడా ప్రదర్శనకు ఎంపిక చేయకపోతే?"

కోల్మన్ రొట్టె ముక్క నమలడం ఆపాడు. "చేయకపోతే కెమెరా అమ్మేస్తాను. శనివారాలు నీతో డాన్సుకి వస్తాను. అన్న మాట అన్నదే."

"బూట్లు కూడా చూసిపెట్టాను," అంది బ్రీడా. ఆమె గొంతులో బెదిరింపు లేదు. నిజానికి ఆశ ఉంది. అదే కోల్మన్‌ని ఎక్కువ భయపెట్టింది.

డాన్సంటే నాలుగు జంటలు ఎదురెదురుగా నిలబడి, గిరగిరా తిరుగుతూ, నేల అదిరేలా కాళ్లు తట్టే డాన్సు. బస్సు బ్రేకు మీద ఉన్నప్పుడు తప్ప కోల్మన్ కాళ్లు అతని మాట వినవు. ఇక ఫోటోల సంగతంటారా, ఊళ్లో ఫోటో క్లబ్బు పెట్టిననాటి నుంచీ ప్రతి ఏడాదీ ప్రదర్శనకు ఒకటి ఇస్తున్నాడు, ప్రతి ఏడాదీ అది భద్రంగా తిరిగొస్తోంది. క్లబ్బు కార్యదర్శి ఫిన్‌బార్ కాటర్ తీసిన సముద్రపు కాకులు మాత్రం ఏటా గోడెక్కుతాయి. "నీ ఫోటోలు బాగానే ఉంటాయి కోల్మన్, కాకపోతే దేన్ని తీశావో తెలియదు," అంటాడు ఫిన్‌బార్, భుజం తట్టి.

ఈసారి ప్రదర్శనకు పెట్టిన విషయం 'నిశ్శబ్దం'. అది విన్న క్షణాన కోల్మన్ కళ్లముందు ఆ వీధి కదలాడింది. తడి రోడ్డు, వెలుగుపట్టీ, ఒక్క పురుగు కూడా లేని ఖాళీ వీధి. అది తీయగలిగితే చాలు, దేన్ని తీశాడో ఫిన్‌బార్‌కి కూడా తెలుస్తుంది.

పదకొండు కాకముందే వెళ్లి కాలిబాట అంచున నిలబడ్డాడు. చలిగా ఉందని నల్ల ఓవర్‌కోటు వేసుకున్నాడు. అతని కెమెరా వాళ్ల నాన్న కాలం నాటిది, ఒకదాని మీద ఒకటి రెండు కళ్లున్నది. దాన్ని అందరిలా మొహానికి ఆనించి చూడరు. రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని, తల బాగా వంచి, పైనున్న అద్దంలోకి చూడాలి. టోపీ అంచు అద్దానికి తగులుతోందని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మబ్బు తొలగేదాకా కదలకుండా అలాగే ఉండిపోయాడు.

వెనకనుంచి చూసేవాళ్లకు కనిపించింది ఇదీ: నల్ల కోటు, టోపీ తీసిన తల, వంచిన మెడ, గుండె దగ్గర జోడించిన చేతులు.

అలా వెనకనుంచి మొట్టమొదట చూసింది మిసెస్ హలహన్. ఆవిడకు తెలియకుండా ఆ ఊళ్లో ఎవరూ చనిపోలేదు. చనిపోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదని కూడా అంటారు. అలాంటిది ఆ పొద్దున సరిగ్గా చావుకబుర్ల వేళకు వాటర్‌ఫర్డ్ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి, మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టి, ఎంతకీ వదల్లేదు. ఇప్పుడు కోల్మన్‌ని చూడగానే ఆవిడ గుండె గుభేలుమంది. ఎవరో పోయారు. శవవాహనం ఇటు రాబోతోంది. ఊరంతటికీ తెలిసి తనకు తెలియలేదు!

ఎవరని అడగొచ్చు. కానీ మిసెస్ హలహన్ ఆ మాట అడిగిందని సాయంత్రానికల్లా ఊరు ఊరంతా చెప్పుకుంటుంది. అందుకని కూరగాయల సంచి కింద పెట్టి, శిలువ గుర్తు వేసుకుని, కోల్మన్‌కి ఒక అడుగు వెనకగా తలవంచి నిలబడింది.

ఎదురుగా మాంసం కొట్టు టైగ్ మదర్‌వే కిటికీలోంచి చూశాడు. కోల్మన్ ఒక్కడే అయితే పట్టించుకునేవాడు కాదు. మిసెస్ హలహన్ నిలబడిందంటే ఇక అది రూఢి. ఏప్రన్ విప్పి, శవం దాటేదాకా షట్టర్ సగం దించి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. టైగ్ షట్టర్ దిగడం చూసి మందుల షాపు, మందుల షాపు చూసి బేకరీ, బేకరీ చూసి గుర్రప్పందాల కొట్టు. పందాల కొట్టులోంచి మగవాళ్లు చేతుల్లో చీటీలతో సహా బయటికొచ్చి టోపీలు తీశారు. పిల్లల బండిలో పసిబిడ్డను తోసుకుపోతున్న ఒకామె ఆగి, బిడ్డ తలమీది ఉన్ని టోపీ కూడా తీసింది.

ఇదంతా కోల్మన్‌కి కెమెరా అద్దంలో కనిపించింది, ముందు ఒక మూలన ఒక మనిషిగా. 'కాస్త పక్కకు పోతే బాగుండు' అనుకున్నాడు. ఆ మనిషి పోలేదు. ఇంకొకడొచ్చాడు. ఆ తరవాత అద్దానికి రెండు వైపులా మనుషులు మొక్కల్లా మొలుచుకొచ్చారు. విసుగ్గా తలెత్తి చూశాడు. వీధికి అటూ ఇటూ జనం. అందరి తలలూ వంగి ఉన్నాయి. షట్టర్లన్నీ దిగి ఉన్నాయి.

'దేవుడా! ఎవరో పోయారు. నేను రేడియో కట్టేశాను. శవయాత్ర వచ్చే దారిలో నిలబడి ఫోటోలు తీస్తున్నాను!' గభాలున టోపీ మెడలో వేలాడుతున్న కెమెరా మీద కప్పి, అందరికంటే కిందికి తల వంచాడు.

కాసేపయ్యాక పక్కకు ఒరిగి, "పాపం," అన్నాడు మెల్లగా.

"పాపమే మరి," అంది మిసెస్ హలహన్.

"ఇంత తొందరగా అనుకోలేదు."

"ఎవరనుకున్నారు నాయనా? మొన్ననేగా కనిపించింది!"

కోల్మన్ చెవులు రిక్కించాడు. "మొన్నా? ఎక్కడ కనిపించారు మీకు?"

మిసెస్ హలహన్ అతన్ని అనుమానంగా చూసింది. "ఎప్పుడూ కనిపించే చోటే."

"ఎంత కష్టమొచ్చినా నోరు విప్పి చెప్పుకునే రకం కాదు," అన్నాడు టైగ్, ఇటు దాటి వచ్చి.

"అస్సలు కాదు," అన్నారు ఇద్దరూ.

"చివర్లో కాళ్లు బాగా బాధపెట్టినట్టున్నాయి," అన్నాడు పందాల కొట్టాయన.

"ఆ కాళ్లతోనే చర్చికి రావడం మానలేదు చూశారా!"

"ఆ గొంతు ఒక్కటి చాలదూ? పాడితే రేవు అవతలికి వినిపించేది."

అందరూ ఏదో ఒకటి అంటున్నారు. తను ఒక్కడే ఊరుకుంటే బాగుండదని కోల్మన్‌కి తోచింది. "ఆ కుక్క ఏమైపోతుందో," అన్నాడు.

ఆ మాటకు అందరి కళ్లూ చెమర్చాయి. కుక్క సంగతి ఎవరికీ గుర్తురానందుకు సిగ్గుపడ్డారు. "దాన్ని నేను చూసుకుంటాను," అన్నాడు పందాల కొట్టాయన. "మా ఇంట్లో పెరడుంది."

అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ మిసెస్ హలహన్ బుర్ర ఊరుకోలేదు. అందరికంటే ముందు నిలబడ్డది కోల్మన్. నల్ల కోటు వేసుకున్నది కోల్మన్. కుక్క గురించి తెలిసింది కోల్మన్‌కి. అంటే పోయింది కోల్మన్ వాళ్ల మనిషే! ఆవిడ గబగబా ముందుకొచ్చి అతని చేయి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీ కష్టం మా కష్టం, కోల్మన్."

"నా... థాంక్యూ మిసెస్ హలహన్," అన్నాడు కోల్మన్. ఎవరు పోయారన్నది తరవాత చూసుకోవచ్చు, ముందు థాంక్స్ చెప్పాలి. అక్కడి మర్యాద అలాంటిది.

వెనక టైగ్. "నీ కష్టం మా కష్టం." వెనక పందాల కొట్టాయన. ఆయన వెనక మందుల షాపామె. చూస్తుండగానే కాలిబాట పొడవునా వరుస కట్టారు. కోల్మన్ చేతులు కలుపుతూ, థాంక్స్ చెబుతూ, లోపల తన చుట్టాలనందరినీ ఒక్కొక్కరినే తలుచుకుని చూసుకుంటున్నాడు. తమ్ముడా? మొన్నేగా ఫోన్‌లో తిట్టాడు. మరి ఎవరు?

అంతలో బ్రీడా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎవరో ఫోన్ చేసి చెప్పారట. అంగీ తిరగేసి తొడుక్కుంది. భర్త పక్కన నిలబడి, వచ్చేవాళ్లకు తనూ చేయి అందిస్తూ, పెదాలు కదలకుండా అడిగింది. "ఎవరు కోల్మన్?"

"తెలీదు."

"నీ చుట్టం పోతే నీకు తెలీదా?"

"నాకెవరూ చెప్పలేదు... థాంక్యూ, థాంక్యూ ఫ్రాంక్..."

"అడగవచ్చుగా!"

"ఎట్లా అడగను? ఇంతమందికి థాంక్స్ చెప్పాక?"

బ్రీడా ఒక క్షణం ఆలోచించి, కోల్మన్ వాళ్ల ఫిలోమినా అత్తకు ఫోన్ కలిపింది. ఆవిడకు ఎనభై దాటాయి. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపింది. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోల్మన్ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "క్రిస్మస్‌కి వెళ్లి చూసొద్దామంటే వానొస్తోందన్నాను బ్రీడా," అన్నాడు. "ఊరుకో. ఇప్పుడు కాదు," అంది బ్రీడా, తనే ముక్కు చీదుతూ.

వరుసలో తరవాతి మనిషి ముందుకొచ్చింది. చేతిసంచిలో ఏదో ఆగకుండా మోగుతోంది.

"ధైర్యంగా ఉండు నాయనా," అంది ఫిలోమినా అత్త, కోల్మన్ చేయి పట్టుకుని. "మంచి మనిషి, పాపం. ఈ దిక్కుమాలిన ఫోను ఇందాకటినుంచీ మోగుతోంది, ఎలా ఆపాలో చూడవే బ్రీడా."

బ్రీడా రెండు ఫోన్లూ ఆపింది, తనదీ అత్తదీ. కోల్మన్ అత్తను గట్టిగా కావలించుకుని వదల్లేదు. చూసేవాళ్లకు ఆ దుఃఖం కడుపు తరుక్కుపోయేలా ఉంది. అత్త కుటుంబం మనిషి కనుక బ్రీడా పక్కన తనూ నిలబడి, చేతులు కలపడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే మంగలి షాపులోంచి ఫాదర్ మలకీ మెడకు తెల్లగుడ్డతో బయటికొచ్చాడు. తలకు కుడివైపు కత్తిరింపు అయింది, ఎడమవైపు కాలేదు. వీధి చూశాడు. షట్టర్లు చూశాడు. వరుసగా నిలబడ్డ కోల్మన్ కుటుంబాన్ని చూశాడు. ఆయన రంగు మంగలి గుడ్డలో కలిసిపోయింది. పోయిన వేసవిలో ఒక పెళ్లి మరిచిపోయి చేపలు పట్టడానికి వెళ్లిన మనిషి ఆయన. ఆ పెళ్లికూతురి తల్లి ఇప్పటికీ ఆయన్ని చూస్తే రోడ్డు దాటుతుంది. ఇప్పుడు శవసంస్కారం కూడానా!

"కోల్మన్," అన్నాడు దగ్గరికొచ్చి, చెవిలో. "అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నువ్వేం దిగులు పెట్టుకోకు."

"మీకు తెలుసా ఫాదర్?" అన్నాడు కోల్మన్, ప్రాణం లేచొచ్చి.

"నాకు తెలియకపోవడమేంటి?" అన్నాడు ఫాదర్, చూపు తిప్పుకుని. "మనమంతా అనుకున్నట్టే జరుగుతుంది." అంటూనే చర్చికి కబురు పంపాడు. కాసేపటికి గంట మోగడం మొదలైంది, ఒక్కొక్కటే, మధ్యలో పొడుగాటి విరామంతో. అప్పటిదాకా ఎవరికైనా మనసులో కాస్త సందేహం ఉంటే అది ఆ గంటతో పోయింది. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లు కూడా పైకొచ్చారు.

ఆ గంట మధ్యలో మబ్బు తొలగింది.

సూర్యుడు కమానులోకి దిగాడు. తడి రోడ్డు మీద వెలుగుపట్టీ బారుగా పరుచుకుని కోల్మన్ బూట్ల దాకా వచ్చింది. ఇంత గొప్పగా అతను ఎన్నడూ చూడలేదు. వేళ్లు వాటంతటవే టోపీ కిందికి పోయాయి.

"ముట్టుకున్నావో చూడు," అంది బ్రీడా, తలెత్తకుండానే.

కోల్మన్ వేళ్లు వెనక్కి తీశాడు. ఆ వెలుగులో అతని శనివారాలన్నీ ఒకదాని వెంట ఒకటి, బూట్లు తొడుక్కుని, డాన్సు హాల్లోకి నడిచిపోతూ కనిపించాయి.

అప్పుడు వెలుగులోంచి కారు వచ్చింది. నల్లది, వెనక బాగా పొడవైనది. కమాను కింద నెమ్మదిగా, సూర్యుణ్ణి వీపున మోసుకుంటూ వచ్చింది. వెనక అద్దంలోంచి నల్లగుడ్డ కప్పిన పొడుగాటి పెట్టె కనిపిస్తోంది. వీధి వీధంతా ఒక్కసారి నిట్టూర్చింది.

ఆ కారు ఫిన్‌బార్ కాటర్‌ది. పెట్టెలో ఉన్నవి ప్రదర్శనలో ఫోటోలు తగిలించే చెక్క స్టాండ్లు. తడవకూడదని నల్లగుడ్డ కప్పాడు. రెండు పక్కలా తలలు వంచి నిలబడ్డ జనాన్ని చూడగానే ఫిన్‌బార్, తన వెనక శవవాహనం వస్తోందనుకుని, మర్యాదకు వేగం తగ్గించాడు. ఎంత తగ్గించాడంటే, ఫాదర్ మలకీ మంగలి గుడ్డ విప్పేసి కారు ముందుకొచ్చి నడవడానికి వీలైంది. ఫాదర్‌ని చూసి ఫిన్‌బార్ ఇంకా తగ్గించాడు. కారు వెనక కోల్మన్‌నీ బ్రీడానూ అత్తనూ ఎవరో మెత్తగా ముందుకు తోశారు. వాళ్ల వెనక ఊరంతా కదిలింది.

ఫిన్‌బార్ అద్దంలో చూసుకున్నాడు. శవవాహనం లేదు. ఊరుంది. టోపీలు తీసిన తలలతో, తన వెనక. ఆపుదామంటే వెనకవాళ్లు గుద్దుకుంటారు, వేగం పెంచుదామంటే ముందు ఫాదర్ ఉన్నాడు. ఫాదర్‌కేమో ఎటు పోవాలో తెలియదు. భుజం మీంచి వెనక్కి చూసి, కారు ఏ పక్క దీపం వెలిగితే ఆ పక్కకు తిరుగుతూ, జపమాల గట్టిగా చదువుతున్నాడు. కుడివైపు దీపం వెలిగింది. ఊరేగింపు శ్మశానం దారి వదిలేసి, రేవు పక్కన క్లబ్బు హాలున్న సందులోకి తిరిగింది. ఎందుకిటు అని ఎవరూ అడగలేదు.

సందు మలుపులో కోల్మన్ ఒక్కసారి ఆగాడు. అందరినీ ముందుకు పోనిచ్చి, చివరి మనిషి కూడా దాటాక వెనక్కి చూశాడు.

వీధిలో ఎవరూ లేరు. ఒక్క మనిషి లేడు, ఒక్క బండి లేదు. షట్టర్లన్నీ దిగి, వీధి కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టుంది. వెలుగుపట్టీ ఇంకా అక్కడే ఉంది.

బ్రీడా వెతుక్కుంటూ వెనక్కి వచ్చి చేయి పట్టుకుంది. "ఏంటి ఆగిపోయావు? మనం ముందుండాలి."

"బస్సుకి తాళం వేశానో లేదో," అన్నాడు కోల్మన్.

"ఇప్పుడా?"

"ఒక్క నిమిషం బ్రీడా. పిల్లల బస్సు."

జీవితంలో మొదటిసారి అబద్ధమాడిన మనిషి పరిగెత్తినట్టే పరిగెత్తాడు. పాత చోట నిలబడి, తల వంచి, అద్దంలోకి చూశాడు. 'మీరెవరో నాకు తెలియదు, క్షమించండి. మిమ్మల్ని సగం దారిలో వదిలేశాను. ఒక్క ఫోటో,' అని ఆ పోయినవారికి మనసులో చెప్పుకుని, మీట నొక్కాడు. క్లిక్‌మన్న చప్పుడు వీధి ఆ చివరిదాకా వినిపించినట్టయింది. వెంటనే మబ్బు కమ్మి, వాన మొదలైంది.

అతను క్లబ్బు హాలు దగ్గరికి వచ్చేసరికి కారు తలుపు తెరిచి ఉంది. ఫాదర్ పిలిస్తే బలమైనవాళ్లు ఆరుగురు ముందుకొచ్చి పెట్టెను భుజానికెత్తుకున్నారు. టైగ్ వాళ్లలో ముందున్నాడు.

"చాలా చిక్కిపోయినట్టున్నారు పాపం," అన్నాడు మెల్లగా.

"జాగ్రత్త!" అని అరిచాడు ఫిన్‌బార్. "కాళ్లు విరుగుతాయి!"

ఆరుగురూ గడ్డకట్టుకుపోయారు.

"స్టాండ్ల కాళ్లు," అన్నాడు ఫిన్‌బార్. "ఎగ్జిబిషన్ స్టాండ్లవి. సాయం చేస్తున్నందుకు సంతోషమే కానీ, ఇంతమంది ఎందుకొచ్చారు?"

రేవులో ఒక సముద్రపు కాకి అరిచింది. ఫాదర్ గొంతు సవరించుకున్నాడు. "మరి శవం ఏది ఫిన్‌బార్?"

"ఏ శవం? ఎవరు పోయారు?"

పొద్దుటినుంచీ ఆ ప్రశ్న బయటికి అడిగిన మొదటి మనిషి అతనే. ఊరంతా మిసెస్ హలహన్ వైపు తిరిగింది. మిసెస్ హలహన్ కోల్మన్ వైపు తిరిగింది.

"నువ్వే కదా ముందు నిలబడ్డావు!"

"నేను ఫోటో తీస్తున్నాను మిసెస్ హలహన్."

"టోపీ తీసేసి?"

"టోపీ అడ్డొస్తుంది."

"మరి ఆ కుక్క?" అన్నాడు పందాల కొట్టాయన. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. "నా భార్యకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా."

ముందుగా నవ్వింది ఫిలోమినా అత్త. నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. "అయితే ఎవరూ పోలేదన్నమాట!" అంది. ఆ మాట వెనక్కి, ఇంకా వెనక్కి, సందు చివరిదాకా పాకింది. ఎవరూ పోలేదట. ఎవరూ పోలేదట! తడి గోడల మధ్య ఊరు ఊరంతా ఒకరినొకరు పట్టుకుని నవ్వింది. ఫాదర్ మలకీ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన ఏదీ మరిచిపోలేదు.

"మరి నేను చావింటి భోజనానికని హామ్ ఉడకబెట్టమని చెప్పొచ్చానే," అన్నాడు టైగ్. అప్పటికే బేకరీ నుంచి శాండ్‌విచ్‌ల పళ్లేలు గుడ్డలు కప్పుకుని వస్తున్నాయి. ఎవరో టీ డేగిశా పొయ్యి మీద పెట్టారు. ఫిన్‌బార్ స్టాండ్ల మీద తడి కోట్లు ఆరేశారు. అకార్డియన్ ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. చావింటికి రావలసినవన్నీ వచ్చాయి, చావు ఒక్కటే రాలేదు. మిసెస్ హలహన్ మాత్రం ఒక మూల కూర్చుని, మూడో శాండ్‌విచ్ తింటూ, "ఏమైనా అంత మంచి మనిషి ఈ ఊళ్లో మళ్లీ పుట్టరు," అని నిట్టూర్చింది. ఎవరూ కాదనలేదు.

సాయంత్రం కోల్మన్ స్నానాల తొట్టిలో ఫోటో కడిగాడు. ట్రేలో కాగితం మీద వీధి మెల్లమెల్లగా పైకి తేలింది. బ్రీడా తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఇది బస్సు తాళం వేయడానికి వెళ్లినప్పుడు తీసిందా?"

"అవును."

"నీ చుట్టమెవరో పెట్టెలో ఉన్నారనుకుంటున్నప్పుడు?"

"అవును," అన్నాడు కోల్మన్. చెవులు ఎర్రబడ్డాయి.

బ్రీడా చాలాసేపు ఫోటో వైపే చూసింది. "ఎంత బాగుందో, పాపాత్ముడా," అంది చివరికి. ఆరు కొట్టకముందే తనే గొడుగు పట్టి క్లబ్బు దాకా వచ్చింది.

కార్క్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత దాన్ని ఎంపిక చేయడమే కాదు, తలుపుకు ఎదురుగా, అన్నిటికంటే పెద్దగా పెట్టించింది. ఏటా క్లబ్బు సభ్యులూ వాళ్ల భార్యలూ తప్ప ఎవరూ తొంగిచూడని ప్రదర్శనకు ఈసారి ఊరంతా వచ్చింది. 'నిశ్శబ్దం' ముందు నిలబడి కొందరు టోపీలు తీశారు. ఒకరిద్దరు శిలువ గుర్తు వేసుకున్నారు. "మన మనిషి పోయిననాటి వీధి కదూ," అని చెప్పుకున్నారు. ఫిన్‌బార్ సముద్రపు కాకుల ముందు ఫిన్‌బార్ ఒక్కడే నిలబడ్డాడు. కోల్మన్ కెమెరా కోల్మన్ దగ్గరే ఉండిపోయింది.

చిక్కు ఆ తరవాత మొదలైంది. మరుసటి వారం చేపల సంత దగ్గర ఒక పడవను తీద్దామని కోల్మన్ తల వంచి నిలబడ్డాడో లేదో, సంత ఆగిపోయింది. ఈసారి నిజమేమో ఎవరికి తెలుసు? అడగడం ఎలా? దీపస్తంభం దగ్గర నిలబడితే చర్చి గంట మోగింది. ఆఖరికి టైగ్ దుకాణదారులందరి తరఫునా వచ్చాడు.

"నీ మీద మాకేం కోపం లేదు కోల్మన్. కానీ నువ్వు ఆగినప్పుడల్లా మేం షట్టర్ దించాల్సొస్తోంది."

"మరేం చేయను?"

"నడుస్తూ తియ్యి."

నడుస్తూ తీస్తే వీధులన్నీ చెరిపేసినట్టు వచ్చాయి. రోడ్డు పనివాళ్లు వేసుకునే పసుపు పచ్చ చొక్కా వేసుకుని నిలబడి చూశాడు. జనం చుట్టూ చేరి తమ ఇళ్ల ముందు గుంతలు ఎప్పుడు పూడుస్తారని నిలదీశారు. కెమెరా అల్మరాలో పెట్టేసి, రెండు శనివారాలు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు. మూడో శనివారం బ్రీడా ఏమీ అనకుండా బూట్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

ఇప్పుడు కోల్మన్ ప్రతి శనివారం డాన్సు హాలుకి వెళ్తున్నాడు. అక్కడ అతను నడిమధ్యలో కదలకుండా తల వంచుకుని నిలబడినా ఎవరో పోయారని ఎవరూ అనుకోరు, స్టెప్పులు రావని అనుకుంటారంతే.